ఆర్ట్ థెరపీలో క్లయింటు వేసిన బొమ్మను గోప్యంగా కాపాడటం: తొలి సెషన్‌కు ముందు నుంచి చివరి అప్పగింత వరకు

ఆర్ట్ థెరపీ (బొమ్మలు వేయిస్తూ మనసుకు చికిత్స చేసే పద్ధతి) సాధన మొదలుపెట్టినవారు తరచూ అడిగే ప్రశ్న ఇది: "క్లయింటు చెప్పింది నోట్సులో రాసి తాళం వేస్తాం. వేసిన బొమ్మను ఏం చేయాలి?" అల్మరాలో పెట్టి తాళం వేస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. అల్మరా చేరిన బొమ్మకు ప్రమాదం తక్కువే. గుట్టు బయటపడేది అంతకుముందు: ఆరబెట్టిన బల్ల మీద, ఫోన్ గ్యాలరీలో, నడవాలో ఎవరో మెచ్చుకోలుగా అన్న మాటలో.

అందుకే ఈ మార్గదర్శి బొమ్మ వెంటే సాగుతుంది. కాగితం బల్ల మీదికి రాకముందు మొదలై, బొమ్మ మీ బాధ్యత నుంచి పూర్తిగా వెళ్లిపోయే వరకు ఏ దశలో ఏం చేయాలో వరుసగా చెబుతుంది. బొమ్మ అంటే ఇక్కడ చిత్రం ఒక్కటే కాదు. కొలాజ్, మట్టితో చేసినది, ముసుగు, ఇసుక పళ్లెంలోని అమరిక, గీతల మధ్య రాసుకున్న వాక్యం, అన్నీ బొమ్మలే.

పని మొత్తానికీ ఒకే కొలబద్ద పెట్టుకోండి. క్లయింటు వేసిన బొమ్మ క్లయింటు చెప్పిన మాటతో సమానం. సందేహం వచ్చినప్పుడల్లా మిమ్మల్ని మీరు ఇలా అడగండి: "ఇదే సంగతి ఆయన నోటితో చెప్పి ఉంటే, నేను దాన్ని ఇక్కడ, వీరి ముందు బయటపెడతానా?"

## 1. తొలి సెషన్‌కు ముందు: గదిని, నియమాలను సిద్ధం చేయడం

ముందు క్లయింటు కూర్చునే కుర్చీలో మీరు కూర్చోండి. కిటికీలోంచి, తలుపు అద్దంలోంచి, తెరిచిన తలుపు సందులోంచి బల్ల కనిపిస్తోందా? కనిపిస్తే బల్ల జరపండి, లేదా అద్దానికి మసక కాగితం అంటించండి. తర్వాత బయటికి వెళ్లి నడవాలోంచి చూడండి. ఈ రెండో పరీక్షను చాలామంది మరిచిపోతారు.

గోడల మీద పాత క్లయింట్ల బొమ్మలు ఉంటే తీసేయండి, అనుమతి ఉన్నా సరే. కొత్తగా వచ్చిన వ్యక్తి వాటిని చూడగానే రెండు నిర్ణయాలకు వస్తాడు: ఇక్కడ బాగా గీయాలి, నేను గీసినదీ రేపు ఇలాగే గోడకెక్కుతుంది. ఈ రెండూ థెరపీకి చెరుపు చేసేవే.

తర్వాత ఒక పేజీకి మించకుండా మీ విధానాన్ని రాసుకోండి. అందులో ఈ ప్రశ్నలకు జవాబులు ఉండాలి:

- బొమ్మ ఎవరి సొత్తు? ఎవరి దగ్గర ఉంటుంది?
- థెరపీ నడుస్తున్నంతకాలం ఎక్కడ భద్రపరుస్తారు? తాళం చెవి ఎవరెవరి దగ్గర ఉంటుంది?
- ఫోటో తీస్తారా? ఏ పరికరంతో?
- థెరపీ ముగిశాక ఎన్నాళ్లు ఉంచుతారు? ఎవరూ తీసుకెళ్లకపోతే ఏం చేస్తారు?
- ఏ పరిస్థితుల్లో గోప్యతను దాటవలసి వస్తుంది?

మొదటి ప్రశ్నకు జవాబు అన్ని చోట్లా ఒకటి కాదు. 1969లో ఏర్పడిన అమెరికన్ ఆర్ట్ థెరపీ అసోసియేషన్ నైతిక నియమావళి బొమ్మను క్లయింటు సొత్తుగా చూస్తుంది. కొన్ని సంస్థల్లో ఆ బొమ్మ గానీ దాని నకలు గానీ చికిత్స రికార్డులో భాగం కావచ్చని కూడా గుర్తిస్తుంది. అంటే సొంతదారు ఒకరు, దాచి ఉంచే బాధ్యత మరొకరిది. మీరు ఆసుపత్రిలోనో పాఠశాలలోనో పనిచేస్తుంటే సంస్థ నియమం ఏమిటో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. నోటిమాట మీద ఆధారపడకండి.

చట్టాలూ దేశాన్ని బట్టి మారతాయి. ఐరోపా యూనియన్‌లో 2018 మే 25 నుంచి అమలవుతున్న వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం జీడీపీఆర్ ఆరోగ్య సమాచారానికి ప్రత్యేక రక్షణ ఇస్తుంది. భారతదేశపు 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గోప్యతను హక్కుగా గుర్తించింది. చికిత్స పొందుతున్న వ్యక్తి ఫోటోనుగానీ సమాచారాన్నిగానీ అనుమతి లేకుండా మీడియాకు ఇవ్వకూడదని చెప్పింది. రికార్డులు ఎన్నేళ్లు ఉంచాలి, పిల్లల విషయంలో ఎవరి సమ్మతి కావాలి అన్నవి మీరు పనిచేసే చోటి చట్టం ప్రకారం తేల్చుకోండి. విధానం రాసే రోజునే ఆ వివరాలు అందులో చేర్చండి.

## 2. సమ్మతి: ఒక సంతకం చాలదు

"నా బొమ్మలను థెరపిస్టు అవసరాన్ని బట్టి ఉపయోగించుకోవచ్చు" అని ఒక్క వాక్యం రాసి సంతకం తీసుకోవడం అన్నింటికన్నా పెద్ద పొరపాటు. ఆ వాక్యానికి అర్థం ఏమిటో సంతకం చేసినవారికి తెలియదు, చేయించుకున్నవారికీ తెలియదు. ఒక్కో ఉపయోగానికి ఒక్కో గడి ఉండాలి, ప్రతి గడికీ "సరే", "వద్దు" అని రెండూ ఉండాలి:

- బొమ్మను థెరపీ గదిలో భద్రపరచడం
- రికార్డు కోసం ఫోటో తీయడం
- సూపర్‌వైజర్‌కు (మీ పనిని సమీక్షించి దారి చూపే అనుభవజ్ఞుడైన థెరపిస్టుకు) చూపించడం
- చికిత్స బృందంలోని ఇతరులకు చూపించడం
- విద్యార్థులకు పాఠంలో చూపించడం
- వ్యాసంలో, పుస్తకంలో అచ్చు వేయడం
- ప్రదర్శనలో పెట్టడం

మొదటి సెషన్‌లో మొదటి నాలుగు గడుల గురించి మాత్రమే మాట్లాడండి. మిగతా మూడింటికి అప్పుడే సమ్మతి అడగడం సరికాదని నా గట్టి అభిప్రాయం. సహాయం కోసం వచ్చిన మనిషి తొలిరోజు ఎదురుగా కూర్చుని "వద్దు" అనగలిగే స్థితిలో ఉండడు. పైగా ఇంకా వేయని బొమ్మకు అనుమతి ఇవ్వడమంటే చూడని కాగితం మీద సంతకం పెట్టడమే. పాఠం, అచ్చు, ప్రదర్శన గురించి బొమ్మ పుట్టాక, ఆ ఒక్క బొమ్మను ముందు పెట్టుకుని, విడిగా అడగండి.

సమ్మతి వెనక్కి తీసుకునే దారి కూడా పత్రంలోనే ఉండాలి. అక్కడ నిజం దాచకండి. భద్రపరిచిన ఫోటోను చెరపగలం, ఫైలులోంచి నకలు తీసేయగలం. అచ్చయిన పుస్తకాన్ని వెనక్కి తేలేం. ఇంటర్నెట్‌లోకి వెళ్లిన చిత్రాన్ని పూర్తిగా తుడిచేయలేం. ఈ తేడా ముందే తెలిస్తే ఆ వ్యక్తి ఆలోచించి నిర్ణయం తీసుకుంటాడు.

క్లయింటుతో ఇలా మొదలుపెట్టవచ్చు: "ఇక్కడ మీరు వేసేది మీది. మీరు వద్దంటే ఎవరికీ చూపించను. అయితే మీ ప్రాణానికో మరొకరి ప్రాణానికో ముప్పు ఉందనిపించినా, ఒక బిడ్డకు హాని జరుగుతోందని తెలిసినా, కోర్టు ఆదేశించినా నేను మౌనంగా ఉండలేను. మీరు చెప్పిన మాటలకు ఈ నియమం ఎలా వర్తిస్తుందో బొమ్మలకూ అలాగే వర్తిస్తుంది." చివరి వాక్యాన్ని వదిలేయకండి. మాటలకు పరిమితులు ఉంటాయని తెలిసినవారు కూడా బొమ్మను వాటికి అతీతం అనుకుంటారు.

పిల్లల విషయంలో పెద్దల సంతకంతో పాటు బిడ్డ ఒప్పుకోలు కూడా కావాలి. దానికి బిడ్డకు అర్థమయ్యే మాటలు వాడండి: "నీ బొమ్మలు ఈ ఫోల్డరులో ఉంటాయి. అమ్మకు చూపించాలా వద్దా అన్నది ముందు నిన్నే అడుగుతాను."

## 3. సెషన్ నడుస్తున్నప్పుడు

క్లయింటు లోపలికి వచ్చేసరికి బల్ల ఖాళీగా ఉండాలి. ముందు సెషన్ ఆనవాళ్లు మనం అనుకోని చోట్ల మిగులుతాయి. బాల్‌పెన్నుతో నొక్కి రాస్తే అడుగు కాగితం మీద అక్షరాల గాడి పడుతుంది, దాని మీద పెన్సిలు అడ్డంగా రుద్దితే మాటలు కనిపిస్తాయి. ఒకే స్కెచ్ పుస్తకాన్ని ఇద్దరికి ఇవ్వకూడదనడానికి ఈ ఒక్క కారణం చాలు. విడి కాగితాలు ఇవ్వండి, అడుగున గట్టి అట్ట వేయండి. అచ్చు తీసే పలక మీద పాత చిత్రం నీడ ఉండిపోతుంది, తెల్ల బోర్డు మీద తుడిచిన గీతలు పక్కనుంచి చూస్తే కనిపిస్తాయి. వీటిని తడిగుడ్డతో పూర్తిగా తుడవండి.

చెత్తబుట్టను కూడా మరవద్దు. క్లయింటు చించి పడేసిన చిత్రం అతని రికార్డులో అతి ముఖ్యమైనది కావచ్చు. "దీన్ని ఏం చేద్దాం?" అని అడగండి. పారేయమంటే ముక్కలు చేసే యంత్రంలో వేయండి, లేదా తాళమున్న చెత్త డబ్బాలో వేయండి. ఊడ్చేవారు తీసుకెళ్లే బుట్టలో వేయకండి. అతను వెళ్లాక ఆ ముక్కలు ఏరి అతికించి దాచుకోవడం మాత్రం అతని నిర్ణయాన్ని తిరగరాయడమే. ఆ పని చేయకండి.

## 4. సెషన్ అయిపోయిన వెంటనే

ఒక క్లయింటు వెళ్లడానికీ తర్వాతివారు రావడానికీ మధ్య కనీసం 15 నిమిషాలు ఉంచండి. ఈ వ్యవధి లేకపోతే మిగతా జాగ్రత్తలన్నీ కాగితం మీదే ఉండిపోతాయి. ఆ సమయంలో చేయవలసినవి వరుసగా:

1. బొమ్మ వెనకవైపు మెత్తటి పెన్సిలుతో, ఒత్తకుండా, కోడ్, తేదీ, సెషన్ సంఖ్య రాయండి. ఒకే సెషన్‌లో రెండుమూడు వేస్తే వాటి వరుస కూడా రాయండి. పైభాగం ఏదో తెలిపే చిన్న బాణం గుర్తు పెట్టండి.
2. ముందువైపు ఏమీ రాయకండి, క్లిప్పు గానీ జిగురు లేబుల్ గానీ పెట్టకండి.
3. మట్టితో చేసినదైతే ఆరకముందే అడుగున సన్నటి మొనతో కోడ్ గీయండి. అలా చేయడానికి ముందే క్లయింటు అనుమతి తీసుకోండి, ఎందుకంటే అది కూడా బొమ్మను ముట్టుకోవడమే.
4. తడి బొమ్మను ఆరబెట్టే చోటుకు చేర్చండి.
5. క్లయింటు పెట్టిన పేరు, చెప్పిన మాటలు నోట్సులో రాయండి, బొమ్మ మీద కాదు.

కోడ్ విషయంలో ఒక మాట. పేరులోని మొదటి అక్షరాలు, పుట్టిన తేదీ కలిపి కోడ్ చేస్తే అది సగం పేరే. అర్థంలేని సంఖ్య తీసుకోండి. ఉదాహరణకు 47-03-2 అంటే 47వ ఫైలు, 3వ సెషన్, 2వ బొమ్మ. ఏ సంఖ్య ఎవరిదో తెలిపే జాబితా బొమ్మలున్న అల్మరాలో ఉండకూడదు.

క్లయింటు తానే ముందువైపు పెద్ద అక్షరాలతో సంతకం చేస్తే? అది అతని హక్కు, చెరపకండి. ఆ బొమ్మకు మాత్రం అదనంగా ఒక కవరు వేయండి.

ఆరబెట్టడమే అన్నింటికన్నా బలహీనమైన చోటు. ఉమ్మడి గదిలో తీగ మీద వేలాడే చిత్రాన్ని మధ్యాహ్నానికల్లా అందరూ చూసేస్తారు. తలుపున్న ఆరబెట్టే స్టాండు దొరికితే మంచిది. లేకపోతే తాళం వేసే అల్మరాలోనే రెండు అరలు ఖాళీ ఉంచి, గాలి ఆడే జాలీ పలకలు అమర్చుకోండి. అదీ కుదరకపోతే వస్తువులను మార్చండి. రోజంతా ఉమ్మడి గదిలో పనిచేయవలసిన రోజున నీళ్లరంగులకు బదులు రంగు పెన్సిళ్లు, కొలాజ్ ఎంచుకోవచ్చు. అయితే రంగు పారబోయడమే ఆ రోజు క్లయింటుకు అవసరమైతే, మన అల్మరా సౌకర్యం కోసం దాన్ని ఆపకూడదు. చోటు వెతకవలసింది మనమే.

మట్టి వస్తువులను బయటి బట్టీకి పంపిస్తే అక్కడ పనిచేసేవారూ వాటిని చూస్తారు. ఆ సంగతి క్లయింటుకు ముందే చెప్పి, పంపాలో వద్దో అతనినే అడగండి.

## 5. భద్రపరచడం

ఒక్కొక్కరికి ఒక్కో ఫోల్డరు, లోపలిది కనిపించనిది. ఫోల్డరు మీద కోడ్ మాత్రమే. ఆమ్లం లేని కాగితంతో చేసిన ఫోల్డరు వాడితే దాని వల్ల బొమ్మలు పసుపు తిరగవు. బొగ్గుతో, మెత్తటి పాస్టెల్‌తో వేసిన చిత్రాల మధ్య నున్నటి పలుచని గ్లాసీన్ కాగితం వేయండి. వేయకపోతే ఒక చిత్రం పొడి మరో చిత్రానికి అంటుతుంది. ఇద్దరి చిత్రాలు ఒకే దొంతరలో ఉంటే ఒకరి గీతల ముద్ర మరొకరి కాగితం మీద పడుతుంది. గోప్యత దృష్టితో చూసినా, గౌరవం దృష్టితో చూసినా అది తప్పే.

ఫోల్డరు తెరిచేటప్పుడు ఒకసారికి ఒకరిది మాత్రమే బల్ల మీదికి రావాలి. క్లయింటు ఎదుట అల్మరా తలుపు బార్లా తెరవకండి, అతనిది ముందే తీసి పెట్టుకోండి. ఎన్ని ఫోల్డర్లు ఉన్నాయో, ఎవరిది ఎంత లావుగా ఉందో కూడా మరొకరికి కనిపించనవసరం లేదు.

పెద్ద వస్తువులకు మూత ఉన్న పెట్టెలు వాడండి. ఇసుక పళ్లెంలాంటివి సెషన్ తర్వాత విప్పేయక తప్పదు. విప్పేది ఎవరు, ఎప్పుడు అన్నది క్లయింటుతో మాట్లాడి నిర్ణయించండి. కొందరు తామే విప్పాలనుకుంటారు, కొందరు దాన్ని చెక్కుచెదరకుండా వదిలి వెళ్లాలనుకుంటారు.

బొమ్మను ఒకచోటి నుంచి మరోచోటికి తీసుకెళ్లవలసి వస్తే మూసిన, లోపలిది కనిపించని సంచిలో పెట్టి నేరుగా చేర్చండి. కారులో వదిలి మధ్యలో వేరే పనికి వెళ్లకండి. సంచిలో మీ ఫోను నంబరు ఉండవచ్చు, క్లయింటు వివరాలు ఉండకూడదు.

## 6. ఫోటో తీయడం

గోప్యత తరచూ దెబ్బతినే మరో చోటు ఇది, అదీ మంచి ఉద్దేశంతోనే. మొదటి నియమం: సొంత ఫోనుతో తీయకండి. మీ ఫోను బొమ్మను మీ కుటుంబ ఫోటోల పక్కన పెడుతుంది, అడగకుండానే క్లౌడ్‌లోకి పంపుతుంది, ఏడాది తర్వాత "ఈ రోజు జ్ఞాపకం" అంటూ తెర మీదికి తెస్తుంది. అప్పుడు మీ పక్కన ఎవరుంటారో మీకు తెలియదు.

పనికే కేటాయించిన కెమెరా గానీ, సిమ్ లేని ఫోను గానీ వాడండి. వాడే ముందు ఇవి సరిచూడండి:

- లొకేషన్ ఆపి ఉందా? అది ఆన్‌లో ఉంటే ఫోటో ఫైలులోనే స్థలం వివరాలు నమోదవుతాయి.
- ఆటోమేటిక్ బ్యాకప్ ఆపి ఉందా?
- పరికరానికి పాస్‌వర్డు ఉందా? లోపలి డేటా ఎన్‌క్రిప్ట్ అయి (పాస్‌వర్డు లేనివారు చదవలేని రూపంలో) ఉందా?
- చెరిపిన ఫోటోలు వెళ్లే "ఇటీవల తొలగించినవి" ఫోల్డరును కూడా ఖాళీ చేశారా? చాలా ఫోన్లలో అవి 30 రోజుల దాకా అక్కడే ఉంటాయి.

ఫోటోలో బొమ్మ మాత్రమే ఉండాలి. వెనక క్లయింటు చెయ్యి, గాజులు, పచ్చబొట్టు, పుస్తకం, గది కిటికీ కనిపించకూడదు. నేల మీద సాదా బూడిదరంగు బట్ట పరిచి పైనుంచి తీయండి. ఫైలు పేరు కోడ్‌తోనే ఉండాలి. ఫోటోను ఎన్‌క్రిప్ట్ చేసిన నిల్వలోకి మార్చి, అదే రోజు పరికరంలోంచి తీసేయండి.

ఆన్‌లైన్ సెషన్లలో క్లయింటే ఫోటో తీసి పంపుతాడు. ఏ దారిలో పంపాలో మొదటి రోజే చెప్పండి. మామూలు మెసేజీ యాప్‌లో పంపితే ఆ ఫోటో అతని ఫోనులో, మీ ఫోనులో, ఇద్దరి బ్యాకప్‌లలో మిగులుతుంది. వీలైతే కెమెరా ముందు బొమ్మను పట్టుకుని చూపించమనండి, ఫోటో అవసరమే ఉండదు. బొమ్మను చూపించే ముందు అతని వెనక ఇంట్లో ఎవరైనా ఉన్నారేమో అడగండి.

చిత్రాన్ని వర్ణించే, విశ్లేషించే కృత్రిమ మేధ సాధనాల్లోకి క్లయింటు బొమ్మను ఎక్కించకండి. అందులోని చేతిరాతను అనువదించడానికి కూడా వాడకండి. ఎక్కించాక ఆ చిత్రం ఎక్కడ ఉంటుందో, దేనికి వాడతారో మీరు క్లయింటుకు హామీ ఇవ్వలేరు.

## 7. పేరు తీసేస్తే గుర్తింపు పోదు

సూపర్‌విజన్‌కో పాఠానికో బొమ్మను సిద్ధం చేసేటప్పుడు పేరు కప్పేసి "ఇక ఎవరికీ తెలియదు" అనుకోవడం సహజం. బొమ్మ పేరు లేకుండానే మాట్లాడుతుంది. ఇంటి ఆకారం, వీధిలోని గడియార స్తంభం, యూనిఫాం రంగు, వాహనం నంబరు, పెంపుడు కుక్క పేరు, కుటుంబంలో ఎందరున్నారన్నది, ఒక ప్రమాదం జరిగిన తీరు, ఇవన్నీ ఆనవాళ్లే. శైలి మరీ పెద్ద ఆనవాలు. చిత్రకళ నేర్చుకున్న క్లయింటు గీతను అతని స్నేహితులు ఒక్క చూపులో పోల్చగలరు. చేతిరాతా అంతే.

అందుకని బొమ్మను మూడు జతల కళ్లతో చూడండి. అపరిచితుడి కళ్లతో చూస్తే ఏం తెలుస్తుంది? అదే ఊరివాడి కళ్లతో చూస్తే? క్లయింటు సొంత చెల్లెలి కళ్లతో చూస్తే? మూడో చూపులో దొరికిపోయే బొమ్మను, ప్రత్యేకంగా ఆ ఉపయోగానికే సమ్మతి ఉంటే తప్ప బయటికి తీసుకెళ్లకండి.

కంప్యూటర్‌లో కప్పే పద్ధతుల్లోనూ మోసపోయే చోట్లు ఉన్నాయి. స్లైడులో బొమ్మ అంచు కత్తిరించినా, కత్తిరించిన భాగం ఫైలులోనే ఉండవచ్చు. పీడీఎఫ్‌లో పేరు మీద నల్ల పెట్టె గీస్తే, ఆ పెట్టెను జరిపి కింద ఉన్నది చదవగలిగే సందర్భాలు ఉన్నాయి. అక్షరాలను మసకబార్చడమూ నమ్మదగినది కాదు. ఫోటోను ముందే విడిగా కత్తిరించి, పేరున్న చోట నిండు రంగు నింపి, కొత్త చిత్రంగా భద్రపరిచి, ఆ కొత్తదాన్నే స్లైడులో పెట్టండి.

బొమ్మను మార్చడం మరో చిక్కు. ఆనవాళ్లు పోవాలని రంగులు మార్చి, సగం చెరిపి చూపిస్తే అది ఇక క్లయింటు బొమ్మ కాదు. నా పద్ధతి ఇది: రెండు మూడు చోట్ల కప్పితే సరిపోయే బొమ్మను కప్పి చూపిస్తాను. అంతకన్నా ఎక్కువ కప్పవలసివస్తే చూపించను, మాటల్లో వర్ణిస్తాను. సూపర్‌విజన్‌కు చాలాసార్లు వర్ణన సరిపోతుంది.

సూపర్‌వైజర్ కూడా అదే ఊరివారైతే, చూపించే ముందు "మీకు తెలిసినవారు కావచ్చు" అని చెప్పండి. తెలిసినవారని తేలితే అక్కడితో ఆపి వేరే సూపర్‌వైజర్‌ను వెతకండి.

## 8. "ఏం గీశాడు?" అని అడిగేవారికి జవాబు

తల్లిదండ్రులకు. తలుపు తెరవగానే వచ్చే ప్రశ్న ఇది, ప్రేమతోనే అడుగుతారు. జవాబు ముందే సిద్ధంగా ఉండాలి: "ఈ రోజు బాగా పనిచేశాడు. బొమ్మ గురించి చెప్పాలా వద్దా అన్నది వాడికే వదిలేద్దాం. మనం ముందుగా అనుకున్న రోజున కూర్చుని వాడి పరిస్థితి గురించి వివరంగా మాట్లాడుకుందాం." బిడ్డ చూపించాలనుకుంటే సెషన్ ముగిసేలోపు ఎలా చూపిస్తాడో, ఏం చెబుతాడో, ఏం చెప్పకూడదనుకుంటాడో మాట్లాడుకోండి. చట్టప్రకారం తల్లిదండ్రులకు రికార్డు చూసే హక్కు ఉన్నచోట, ఆ హక్కు సంగతి బిడ్డకు ముందే చెప్పి ఉండాలి.

ఇంటికి తీసుకెళ్తానంటే. బొమ్మ అతనిదే, ఆపే హక్కు మనకు లేదు. ఒక ప్రశ్న మాత్రం అడగాలి: "ఇంట్లో దీన్ని ఎవరు చూస్తారు? చూస్తే ఏమవుతుంది?" హింస ఉన్న ఇంట్లో ఒక్క చిత్రం కొత్త దెబ్బలకు కారణం కావచ్చు. అలాంటి సందేహం ఉంటే ఇక్కడే ఉంచి తర్వాత తీసుకెళ్లే వీలుందని చెప్పండి, లేదా ఇంటికి తీసుకెళ్లడానికే మరో బొమ్మ వేద్దామని అడగండి.

తోటి సిబ్బందికి. "ఎంత చక్కగా గీసిందో!" అని నడవాలో నర్సు అన్నా, టీచరు అన్నా మాట కలపకండి. ఆ మెచ్చుకోలు విన్నవారందరికీ ఎవరు గీశారో తెలిసిపోతుంది. చికిత్స బృందం సమావేశంలోనూ అవసరమైనంతే చెప్పండి. బొమ్మను బల్ల మీద తిప్పితే ప్రతి ఒక్కరూ తలా ఒక అర్థం చెబుతారు. నల్లరంగు అంటే దుఃఖం, చేతుల్లేని మనిషి అంటే నిస్సహాయత అంటూ తీర్పులు వస్తాయి. గుర్తులకు ఖాయమైన నిఘంటువు ఏదీ లేదు. రిపోర్టులో కంటికి కనిపించినది, క్లయింటు చెప్పినది మాత్రమే రాయండి. అసలు బొమ్మను జతచేయకండి.

ప్రమాదం కనిపించినప్పుడు. బొమ్మలో ఆత్మహత్య సూచనో, హింస సూచనో కనిపిస్తే దాన్ని రుజువుగా తీసుకోకండి, పట్టించుకోకుండా వదిలేయకండి. అదే సెషన్‌లో నేరుగా అడగండి. ముప్పు ఉందని తేలితే మీ చోటి నియమం ప్రకారం చెప్పవలసినవారికి చెప్పండి, అదీ అవసరమైనంత మేరకే. ఎవరికి ఏం చెబుతున్నారో వీలైతే క్లయింటుకు ముందే తెలియజేయండి.

పోలీసులు, కోర్టు. ఫోను రాగానే ఇవ్వకండి, కాదని కూడా అనకండి. రాతపూర్వక ఆదేశం అడగండి, న్యాయవాదిని సంప్రదించండి, చట్టం అనుమతిస్తే క్లయింటుకు చెప్పండి. అడిగినంతే ఇవ్వండి. వీలైతే నకలు ఇచ్చి, ఏ సందర్భంలో తయారైన బొమ్మో వివరణ జతచేయండి. ఆదేశం అందిన తర్వాత ఒక్క కాగితాన్ని కూడా నాశనం చేయకూడదు, తేదీ ప్రకారం చించవలసిన గడువు వచ్చినా సరే.

## 9. బృంద సెషన్లు

బృందంలో గోప్యతకు మీరొక్కరే హామీ ఇవ్వలేరు. ఆ సంగతి బాహాటంగా చెప్పి, మొదటి రోజే ఒప్పందం చేసుకోండి: ఇతరుల బొమ్మలను ఫోటో తీయకూడదు, బయట వర్ణించకూడదు, అడగకుండా ముట్టుకోకూడదు. ఫోన్లు సంచుల్లో ఉండాలి.

అందరూ కలిసి వేసిన పెద్ద చిత్రానికి ఒక్క సొంతదారు ఉండడు. దాన్ని ఎక్కడైనా చూపాలంటే అందరి సమ్మతీ కావాలి. ఒక్కరు వద్దంటే ఆ చిత్రం బయటికి రాదు. ఆ ఒక్కరు ఎవరో మిగతావారికి చెప్పకండి. చివర్లో ఏం చేయాలన్నది మొదలుపెట్టకముందే నిర్ణయించుకోవడం మంచిది. ముక్కలు చేసి పంచుకోవడం కొందరికి నచ్చుతుంది, కొందరికి గాయంలా అనిపిస్తుంది.

## 10. ప్రదర్శన అడిగినప్పుడు

వార్షికోత్సవం, క్యాలెండరు, విరాళాల సేకరణ, ఏదో ఒక సందర్భంలో సంస్థ బొమ్మలు అడుగుతుంది. "థెరపీలో వేసినవి ఇవ్వలేం. ప్రదర్శన కోసమే విడిగా ఒక కళా తరగతి పెడదాం, ఇష్టమున్నవారు వస్తారు" అని చెప్పండి. ఈ ప్రత్యామ్నాయం చూపిస్తే సంస్థ చాలాసార్లు ఒప్పుకుంటుంది.

క్లయింటు తానే ప్రదర్శించాలనుకుంటే అది వేరు. అప్పుడు తొందరపడకుండా వీటన్నిటి గురించీ మాట్లాడండి: ఎవరు చూస్తారు, సందర్శకులు ఫోటోలు తీస్తారా, అమ్ముడైతే డబ్బు ఎవరిది, ఎవరైనా వెక్కిరిస్తే ఎలా తట్టుకుంటాడు, ఐదేళ్ల తర్వాత ఉద్యోగం ఇచ్చేవారు చూస్తే ఎలా ఉంటుంది. పేరు వేయాలా వద్దా అన్నది అతని నిర్ణయం. పేరు దాచడమే ఎప్పుడూ మేలు అనుకోకండి. తన పనికి తన పేరు ఉండాలని కోరే హక్కు అతనికి ఉంది. పేరు వేస్తే థెరపీకి వెళ్తున్న సంగతీ తెలుస్తుందని మాత్రం స్పష్టంగా చెప్పండి.

## 11. థెరపీ ముగిసేటప్పుడు

చివరి రోజున హడావుడిగా ఫోల్డరు చేతిలో పెట్టకండి. కనీసం మూడు సెషన్లు ముందుగా మొదలుపెట్టి, బొమ్మలన్నీ వరుసగా పరిచి కలిసి చూడండి. ఒక్కో బొమ్మకు నిర్ణయం అడగండి: తీసుకెళ్తాడా, కొంతకాలం ఇక్కడ ఉంచాలా, నాశనం చేయాలా. అన్నిటికీ ఒకే జవాబు ఉండనక్కర్లేదు.

నాశనం చేయడమంటే అతను ఎంచుకున్న పద్ధతిలో, అతని ఎదుటే. కాల్చని మట్టి బొమ్మను నీళ్లలో నానబెడితే తిరిగి మట్టి అవుతుంది, చాలామందికి ఈ పద్ధతి నచ్చుతుంది. బొమ్మలు చట్టప్రకారం రికార్డులో భాగమైతే, నకలు ఒకటి గడువు వరకు ఉంటుందని ముందే చెప్పాలి. ఎదుట చించేసి వెనక ఫోటో దాచి ఉంచడం నమ్మకద్రోహం.

అప్పగించేటప్పుడు రెండు వరుసల రసీదు రాసుకోండి: ఏ కోడ్‌లు, ఏ తేదీన, ఎవరికి. మధ్యలోనే రావడం మానేసినవారికి విధానంలో రాసిన గడువు ప్రకారం కబురు పెట్టండి. ఆ కబురులో "బొమ్మలు", "థెరపీ" అన్న మాటలు వద్దు, ఉత్తరం మరొకరు తెరవవచ్చు. "మీ వస్తువులు మా దగ్గర ఉన్నాయి, దయచేసి ఫోను చేయండి" అంటే చాలు.

క్లయింటు మరణిస్తే కుటుంబం బొమ్మలు అడుగుతుంది. వారి దుఃఖం ఎంత పెద్దదైనా, గోప్యత మరణంతో రద్దు కాదు. చట్టం ఎవరికి హక్కు ఇస్తుందో చూసి, క్లయింటు బతికుండగా చెప్పిన కోరిక ఏదైనా నోట్సులో ఉందేమో వెతికి, ఆ తర్వాతే ఇవ్వండి. అందుకే "మీరు లేనప్పుడు ఇవి ఎవరికి?" అన్న ప్రశ్న సమ్మతి పత్రంలో ఉండటం మంచిది.

మీకే ఏదైనా జరిగితే? తాళం చెవి, కోడ్ జాబితా ఎక్కడున్నాయో తెలిసిన, ఇదే వృత్తిలో ఉన్న ఒకరిని రాతపూర్వకంగా నియమించండి. అలాంటి వ్యక్తి ఉన్నారని క్లయింట్లకు చెప్పండి.

## 12. గుట్టు బయటపడిపోతే

బొమ్మ పోయింది, తప్పు చిరునామాకు ఫోటో వెళ్లింది, మరో క్లయింటు ఫోల్డరు తెరిచి చూశాడు. అప్పుడు ఈ వరుసలో కదలండి:

1. వెంటనే ఆపండి: ఫోటో అందుకున్నవారిని చెరపమని, చెరిపినట్లు రాసి పంపమని అడగండి. పంచిన లింకు ఉంటే మూసేయండి.
2. ఏం బయటపడింది, ఎవరు చూశారు, ఎప్పుడు అన్నది అదే రోజు రాసిపెట్టండి.
3. సూపర్‌వైజర్‌కు, సంస్థలో బాధ్యులకు చెప్పండి. చట్టప్రకారం అధికారులకు తెలియజేయడానికి గడువు ఉందేమో చూడండి. జీడీపీఆర్ వర్తించే చోట చాలా సందర్భాల్లో అది 72 గంటలు.
4. దీనివల్ల క్లయింటుకు ఇంట్లోగానీ బయటగానీ ముప్పు ఉందా అని అంచనా వేయండి. ఉంటే ఈ పని అన్నిటికన్నా ముందుకు రావాలి.
5. క్లయింటుకు మీరే స్వయంగా చెప్పండి. జరిగింది చెప్పి, క్షమాపణ అడిగి, ఏం చేశారో, ఇకపై ఏం మారుస్తున్నారో వివరించండి. కోపం వస్తే పూర్తిగా వినండి. మిగిలిన బొమ్మలు తనకిచ్చేయమంటే ఇవ్వండి. రికార్డు కోసం నకలు ఉంచుకోక తప్పకపోతే, ఆ మాట అప్పుడే చెప్పండి.
6. ఏ దశలో జారిందో ఈ మార్గదర్శిలోని సంఖ్యతో సహా గుర్తించి, మీ విధానం పేజీలో ఆ చోట సవరణ రాసి, కొత్త తేదీ వేయండి.